ముసలివాళ్ళు లేని ఊరు

కొరాపుట్,
ఏప్రిల్ 12

మాట పోయినా పెత్తనం పోని మా నాన్నకి,

ప్రణతి నమస్కారాలు. గొంతు ఆపరేషన్ తర్వాత నువ్వు నోరు మెదపకూడదని డాక్టర్ అన్నప్పటి నుంచి అక్కడ అమ్మ రాజ్యం నడుస్తోందట కదా. వాట్సాప్‌లో నువ్వు "సరే" తప్ప ఇంకో ముక్క రాయవు. కాగితం చేతికిస్తే మాత్రం రెండు పక్కలా నింపి అంచుల్లో కూడా రాస్తావు. అందుకే ఈ ఉత్తరం. వైజాగ్ ఆస్పత్రి మంచం మీద నీకూ కాస్త కాలక్షేపం. గడ్డ తీసేశారు కాబట్టి ఇక తొందరగా రాయగడ వచ్చెయ్యి. క్వార్టర్ ముందు నువ్వు పెట్టిన బొప్పాయి మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు లేరు.

మా కాలేజీ క్లాసులో జరిగిన తమాషా ఒకటి చెప్పాలి. సుమతి మేడం మాకొక పని పెట్టింది. ముగ్గురేసి జట్టుగా కూర్చుని, ఏ కష్టమూ లేని ఊరొకటి మనసులో కట్టాలి. మ్యాపు గీసి, ఆ ఊరి కట్టుబాట్లు రాసి, క్లాసు ముందు నిలబడి చెప్పాలి. మా జట్టులో నేను, మోహిత్, సస్మిత. మోహిత్ వాళ్ళ నాన్న ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో టెక్నీషియన్. సస్మితది ఇక్కడి మునిసిపాలిటీ క్వార్టర్లు, వాళ్ళమ్మ రోడ్లు ఊడుస్తుంది. నాది రైల్వే అని నీకు చెప్పక్కర్లేదు. ఒడిశాలో ఉన్నా ముగ్గురం తెలుగువాళ్ళం, ముగ్గురం క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళం. చిక్కంతా అక్కడే వచ్చింది.

పొట్టంగి కొండల మీద చల్లని చోటు చూసి ఊరు పెట్టేం. బడి, ఆస్పత్రి, సంత, అన్నీ పెట్టేం. ఇళ్ళకి మాత్రం మాకు తెలియకుండానే టైపు వన్, టైపు టూ, టైపు త్రీ అని రాసుకుంటూ పోయేం. ఎవరి ఉద్యోగానికి తగ్గ ఇల్లు వాళ్ళకి. రిటైరైతే నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఉద్యోగంలో ఉండగా పోతే ఇల్లూ ఉద్యోగమూ పిల్లలకి వస్తాయి. ఇదంతా నా గుండ్రటి దస్తూరీతో నేనే రాసేను. ఒక్కరికీ తప్పు కనబడలేదు, చాలా న్యాయంగా ఉందనుకున్నాం.

మేడం మ్యాపంతా చూసి, "ఊరు బాగుందమ్మా, ముసలివాళ్ళేరీ?" అంది. సస్మిత నా చెవిలో, "ఓలమ్మీ, మనూర్లో ముసిలోల్లు నేరే!" అంది. శ్మశానం ఏదని అడిగింది మేడం. అదీ లేదు. మోహిత్ లేచి, "రిటైరైనోల్లు నేటివ్ ఎల్లిపోతారు మేడం. సచ్చిపోయినోల్లనీ నేటివే తీసుకెల్తారు" అన్నాడు. "మీ నేటివ్ ఏది?" అంటే పలాస అన్నాడు గాని, అక్కడ ఎవరున్నారో చెప్పలేకపోయాడు. మనం చీపురుపల్లి అని చెప్పుకుంటాం చూడు, అలాగే.

ఆ తర్వాత మేడం కట్టుబాట్లు చదివి కళ్ళజోడు తీసింది. "అయితే మీ ఊళ్ళో బతికున్న తండ్రి కంటే పోయిన తండ్రే ఎక్కువ పనికొస్తాడన్నమాట" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వేను, ఎందుకంటే జూన్ ఆఖరికి నీ రిటైర్మెంట్ గుర్తొచ్చింది. "మా నాన్న ఇది చూస్తే ముందు నన్ను తంతాడు" అని సస్మితతో అన్నాను. ఊరు మళ్ళీ కట్టి తెమ్మని మేడం గడువిచ్చింది. రైల్వేలో తల నెరిసినవాడివి, ఏం మార్చాలో నువ్వే చెప్పు నాన్నా.

నీ జవాబు కోసం కాచుకుని ఉండే,
ప్రణతి

*

రాయగడ,
మే 9

చిట్టితల్లి ప్రణతికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివేను. నువ్వు సలహా అడిగేవు. మీ కట్టుబాట్లలో ఏమీ మార్చనక్కర్లేదమ్మా. లోకంలో ఉన్నదే మీరు రాసేరు. మీ మేడం మాటకి నువ్వు నవ్వేవు గాని నాకు నవ్వు రాలేదు. అలాగని ఏడుపూ రాలేదు. చాలా రోజులుగా తెగని ఆలోచన ఒకటి తెగింది.

నీకు దాచిన సంగతి చెబుతున్నాను, కూర్చుని చదువు. నా గొంతులోది మామూలు గడ్డ కాదు, కేన్సర్. నీ పరీక్షలని అమ్మా నేనూ చెప్పలేదు. ఆపరేషన్ పుండు మానగానే రేడియేషన్ కరెంటు పెట్టించుకోవాలన్నారు. పెడితే కొన్నేళ్ళు బతకొచ్చు, బతకకపోనూ వచ్చు. పెట్టకపోతే తొందరగానే అయిపోతుంది. నేను సంతకం చేసి ఇంటికి వచ్చేసేను. మళ్ళీ వెళ్ళను. జూన్ ముప్ఫై లోపల దాని పని అది కానిస్తే నీకు ఉద్యోగం వస్తుంది, అమ్మ నెత్తి మీద ఈ కప్పు ఉంటుంది. ముప్ఫై దాటి బతికితే వచ్చే పింఛను నా మందులకీ ఇంటి అద్దెకీ చాలదు, నీ చదువు మాట దేవుడెరుగు.

మీ తాత దాలయ్య సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆయన గ్యాంగ్‌మేన్‌గా ఉండగా కామెర్లు వచ్చేయి. రిటైర్మెంట్ దగ్గర పడింది. బండెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్దామని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "నాకేటి కాదురా. ఆస్పత్రికెల్లి ఏటి సేస్తాను? నా మంచం నాకు మంచిది" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన పోయేడు, ఆ ఉద్యోగం నాకొచ్చింది. మొండితనంతో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఇన్నేళ్ళూ అందరితోనూ చెప్పేను. ఎందుకు వెళ్ళలేదో నీ ఉత్తరం చదివేక గాని నాకు అర్థం కాలేదు.

నీకు పై చదువు చదవాలని ఉందని తెలుసు. డ్యూటీ చేసుకుంటూ చదువుకో. పైవాళ్ళతో వాదించకు, నీకు నా నోరే వచ్చింది. నేనెందుకు వద్దంటున్నానో అమ్మకి తెలియదు, భయపడ్డాననుకుంటోంది. అలాగే అనుకోనీ. బతికి నీకేమీ కట్టబెట్టలేకపోయేను. ఇదొక్కటి చెయ్యనీ తల్లీ.

ఇట్లు,
నీ నాన్న, భీమారావు

*

కొరాపుట్,
మే 14

నన్ను అడగకుండానే నాకోసం చావబోతున్న నాన్నకి,

ఈసారి నమస్కారాలు లేవు. నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివేను. క్లాసుకి రాలేదేమని సస్మిత వచ్చి లేపేదాకా అక్కడే ఉన్నాను. నేను వేళాకోళంగా రాసిన ముక్కని నువ్వు తీర్పులా తీసుకున్నావా? రాసిన చేతిని చూసుకుంటే అసహ్యం వేసింది. తర్వాత నీ మీద కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేసేను. నువ్వు తిట్టుకున్నా సరే. అమ్మ పొయ్యి ఆపి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. తర్వాత, "అదా ఇసయం! బయపడ్డాడనుకున్నానే అమ్మీ. రైలెక్కమంటే గోడేపు తిరిగి తొంగుంటన్నాడు. ఆ సావుకూడు నానూ తిన్ను, నిన్నూ తిన్నివ్వను" అంది. మజ్జిగౌరమ్మ మీద ఒట్టు వేసింది, నా చేత వేయించింది. ఆ అమ్మవారి మీద వేసిన ఒట్టు అమ్మ దాటదని నీకు తెలుసు. కాబట్టి విను. నువ్వు జూన్‌లో పోయినా నీ ఉద్యోగం నేను తీసుకోను, అమ్మ తీసుకోదు. ఇల్లు ఎలాగూ ఖాళీ చేస్తాం. నువ్వు పోతే మాకు మిగిలేది నువ్వు లేకపోవడం ఒక్కటే.

పాత మ్యాపు చింపేసేను. మోహిత్ కొత్త కాగితం తెచ్చేడు. ఎవరి ఇల్లు వాళ్ళది, పనిచేసినా మానేసినా, అని రాసేం. "మరి కొత్తోల్లు ఎక్కడుంటారేటి?" అని వాడు అడిగితే, "కడతాం! మనకేటి సేతుల్నేవా?" అని సస్మిత కసిరింది. అది జరిగే పనో కాదో నాకు తెలియదు. తాత ఆ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు నీకెలా ఉండిందో, ఇప్పుడు నాకలాగే ఉంది. ఆయన్ని నువ్వు లేపలేకపోయేవు. నేను లేపుతాను.

వచ్చే గురువారం వైజాగ్ బండి కొరాపుట్‌లో ఎక్కుతున్నాను. రాయగడ ప్లాట్‌ఫారం మీద నువ్వూ అమ్మా బట్టలు సర్దుకుని ఉండాలి. కనబడకపోతే అక్కడే దిగిపోతాను. చదువూ గిదువూ మానేసి నీ మంచం పక్కన కూర్చుని, నువ్వు పోయేదాకా నిన్ను తిడుతూనే ఉంటాను.

నీ నోరే వచ్చిన,
ప్రణతి

*

విశాఖపట్నం,
జులై 1

తండ్రి మాట వినని ప్రణతికి,

దీవెనలు. నిన్నటితో నా ఉద్యోగం అయిపోయింది. రాయగడ నుంచి నా జట్టువాళ్ళు ఫోన్ చేసి నా గురించి ఏదేదో మాట్లాడేరు. నేను జవాబు చెప్పలేను కదా, అమ్మ విని తలూపింది. ఫోన్లో తలూపితే వాళ్ళకేం కనబడుతుంది! అక్టోబరు ఆఖరులోగా ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మ అప్పుడే ఎవరినో గది అడిగిందట.

డాక్టర్ నీతో ఏం చెప్పేడో నాకు తెలియదు, నాకు మాత్రం చెప్పేడు. నెల రోజులు ఇంట్లో కూర్చోవడం వల్ల అది మెడ కిందికి పాకిందట. ముందే వచ్చుంటే వేరేలా ఉండేదేమో అన్నాడు. ఇంక ఏళ్ళ మాట ఎత్తడం లేదు. దసరా దాకా అంటున్నాడు. నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. నీ దగ్గర మళ్ళీ దాచకూడదని రాస్తున్నాను.

నువ్వు గెలిచేవు, నన్ను బండెక్కించేవు. నాకు కోపం పోలేదు. చేతికందిన దాన్ని తల్లీకూతుళ్ళిద్దరూ కాలదన్నేరని రోజూ అనుకున్నాను. జూన్ నెలంతా పొద్దున్న కళ్ళు తెరవగానే ఇంకా ఉన్నానా అని సిగ్గుపడేవాణ్ణి. ఇవాళ తెల్లారి లేచేను. గడువు దాటిపోయింది, ఇక నేను ఉన్నా పోయినా ఎవరికీ ఒరిగేదేమీ లేదని గుర్తొచ్చింది. సిగ్గు వెయ్యలేదు. చాలా రోజులకి ఆకలి వేసింది. అమ్మ నా ముక్కుకి పెట్టిన గొట్టంలో పల్చటి చోడిపిండి అంబలి పోస్తుంటే, ఇంకొంచెం పొయ్యమని సైగ చేసేను.

తల్లీ, నాకు బతకాలని ఉంది. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

నీ నాన్న