అయస్కాంతంలో ఎవరి వాటా

అల్లాహ్ పేరుతో. ట్యునీషియా దేశం స్ఫాక్స్ ఊళ్లో పాతకోట వెనక వీధిలో ఉంటున్న, కాలం చేసిన ఖ్మైస్ గర్గూరి భార్య షాద్లియా అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. "బుద్ధి స్థిరంగా ఉన్నది" అని రాయాలన్నారు పత్రాలు రాసే బెషీర్ గారు. రాయండి. స్థిరంగా లేనిది గుండె. బుద్ధి ఉన్నచోటే ఉంది, కాకపోతే ఈమధ్య దానికి ఏదీ అర్థం కావడం లేదు. మంగళవారం నా గుండెకు ఆపరేషన్. అందుకే ఈ తొందర.

1. ఇల్లు, ఆలివ్ తోట షరియత్ ప్రకారం నా కొడుకు మున్సిఫ్‌కు రెండు వాటాలు, కూతురు సల్వాకు ఒకటి. ఇందులో నేను చెప్పేదేమీ లేదు, చెప్పినా చెల్లదు.

2. నేను కాపురానికి తెచ్చుకున్న పెద్ద రాగి బిందె నా ఆడపడుచు మహబూబాకు. నా పెళ్లయిన ఏడాదే అడిగి పట్టుకెళ్లి, అది తన పుట్టింటిదని ఊరంతా చెప్పుకుంది. ఇక నిజంగానే ఆమెది. అబద్ధమాడే శ్రమ తప్పింది.

3. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్న నా గుండె. ఇది ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలియదు. నాకు స్కాన్లు తీసి, డాక్టర్ ఉల్ఫా అచ్చం నా గుండెలాంటిదాన్ని కంప్యూటర్‌లో తయారుచేసింది. నాలో లయ తప్పిస్తున్న చోటును కాల్చాలట. ఎక్కడ కాల్చాలో ముందు దాని మీద కాల్చి చూసుకుంటున్నారు. "నిన్న ఇక్కడ కాల్చినా దడ ఆగలేదు పెద్దమ్మా, చివరికి కొట్టుకోవడమే మానేసింది. ఇవాళ కాస్త పక్కన కాల్చాం, దారికొచ్చింది" అని ఎంతో సంతోషంగా చెప్పింది. అది మానేసిన వేళ నేను ఇంట్లో చేపల పులుసు తింటున్నాను. మరి చచ్చిందెవరు, తిన్నదెవరు? ఇమాం గారిని అడిగితే "వైద్యం చేయించుకోండమ్మా" అని తప్పుకున్నారు. అది నాదే అయితే, డాక్టరీ నేర్చుకునే పిల్లల కోసం ఆసుపత్రికే ఇస్తున్నాను. నాది కాకపోతే ఈ మాట కొట్టేయండి. ఎలాగైనా, నా బదులు చచ్చింది కాబట్టి నా పేరున చేసే దానంలో దానికీ కాస్త పుణ్యం రానివ్వండి.

4. నా ఎడమ భుజం కింద చర్మంలో ఒక పెట్టె ఉంది. అందులోనూ ఓ చిన్న కంప్యూటరే. గుండె లయ తప్పగానే షాక్ కొట్టి దారికి తెస్తుంది. గాడిద తన్నినట్టుంటుంది గానీ నన్ను బతికించింది, కాదనను. అయితే పొరుగింటి తుర్కియా చనిపోయిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆమెకూ ఇలాంటిదే. కేన్సర్ ముదిరి ఆఖరి శ్వాసలో ఉంటే, ఆ పెట్టె ఆమెను మళ్లీ మళ్లీ ఎగరేసింది. పోయేముందు పలకాల్సిన కలిమా చెప్పబోతే సగంలో తెగిపోయేది. కొడుకులు ఏం చేయాలో తెలియక ఆమె కాళ్లు పట్టుకుని కూర్చున్నారు. లయ తప్పిందని ఆ పెట్టెకు తెలుస్తుంది, వేళయిందని తెలియదు. నాకు చావంటే భయం లేదు. అలా చావాలంటే మాత్రం చచ్చేంత భయం.

డాక్టర్ ఉల్ఫాకు ఈ సంగతి చెబితే గుండ్రటి నల్ల అయస్కాంతం ఒకటి ఇచ్చింది. ఇక కోలుకునే దారి లేదని డాక్టర్లు చెప్పాక, దాన్ని పెట్టె మీద ఆనించి పట్టుకుంటే షాకులు ఆగుతాయి. తీస్తే మళ్లీ మొదలు. అది బీరువాలో ఉంది. ఇంట్లో గొడవంతా దానికోసమే.

"అమ్మని నా చేతుల్తో చంపుకోమంటావా?" అంటాడు మున్సిఫ్. "నువ్వు కడదాకా హింస పెడతావురా, అది నాకివ్వు" అంటుంది సల్వా. చివరికి వాడు, "వస్తువంటే వస్తువే. అందులో నాకు రెండు వాటాలు, నీకొకటి. నా మాటే చెల్లుద్ది" అన్నాడు. బెషీర్ గారు కలం కిందపెట్టి ఆలోచనలో పడ్డారు. మూడింట రెండు వంతులు బతికించి, ఒక వంతు పోనిస్తారా? ఆయనకూ తేలలేదు, నాకూ తేలలేదు.

5. కాబట్టి, వారసులు కానివారికి ఇవ్వదగిన మూడో వంతులోంచి ఆ అయస్కాంతాన్ని నా కోడలు రౌదాకు ఇస్తున్నాను. రౌదా ట్యూనిస్ పిల్ల. మా ఊళ్లో ఈద్ పొద్దున ఉప్పుచేపతో తినే ఉల్లిపాయల ముద్దలో ఎండుద్రాక్ష తగ్గించేసి, "తీపి మీకు పడదత్తయ్యా" అని చుట్టాలందరి ముందూ అన్న మనిషి. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ భయపడలేదు, నన్ను ఒక్కసారీ మోసగించలేదు. మున్సిఫ్‌ది ప్రేమ, వదల్లేడు. సల్వాదీ ప్రేమే, చూడలేక తొందరపడుతుంది. రౌదా డాక్టర్లు చెప్పేదాకా ఆగుతుంది, చెప్పాక ఆగదు. అడిగితే, "చెయ్యి పడిపోయినా తియ్యనత్తయ్యా. మీరు కలిమా నిదానంగా చెప్పుకోండి" అంది. నాకు ఏడుపొచ్చింది. కిట్టని మనిషిని ఇంతగా ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

మంగళవారం అంతా సవ్యంగా జరిగి నేను ఇంకా చాలా ఏళ్లు మిమ్మల్ని వేధించినా, ఈ అయిదో మాట మారదు.

స్ఫాక్స్, 2024 ఫిబ్రవరి 16, శుక్రవారం.

(సంతకం) షాద్లియా గర్గూరి

సాక్షులు: బెషీర్ ఎల్లూమి, నూరుద్దీన్ మస్మూదీ.

వారసుల సమ్మతి:

సల్వా: సమ్మతమే.

మున్సిఫ్: సమ్మతమే. ఆ వేళకి నన్నెవరైనా గదిలోంచి బయటికి తీసుకెళ్లండి.