కోపమొస్తే గిన్నెల్ని తిట్టే నానమ్మ

అక్కా,

నానమ్మ కడచూపుకు రాలేదని నీకు నామీద కోపంగానే ఉంటుంది. వెళ్తానంటే మా మోర్మన్ క్రైస్తవ సంఘం పెద్దలు పంపేవారే. మతప్రచారానికి ఈ పరాయి దేశం వచ్చి, ఒప్పుకున్న సేవను మధ్యలో వదిలేస్తే నానమ్మకే నచ్చదనిపించి ఆగిపోయాను. ఆగాను గానీ, గుండె దిటవు కాలేదు.

కబురు తెలిసిన మర్నాడు కూడా నేనూ, నాతో ప్రచారానికి తిరిగే జతగాడూ తెల్ల చొక్కాలు వేసుకుని, జేబుకు పేరు బిళ్ళలు పెట్టుకుని ఇంటింటి తలుపూ తట్టాం. ఎప్పుడు వెళ్ళినా మొహం మీదే తలుపేసే దర్జీ ఆవిడ ఆ రోజు నన్ను చూసి ఆగింది.

"ఏమైంది బాబూ?"

చనిపోయాక ఆత్మ ఏమవుతుందో ఇక్కడివాళ్ళ భాషలో గడగడా చెప్పగలను. "మా నానమ్మ పోయింది" అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. నా జతగాడే చెప్పాడు.

ఆవిడ మమ్మల్ని కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టింది. "మీ దేవుడి సంగతి ఇవాళ వద్దు. నానమ్మ గురించి చెప్పు" అంది.

వచ్చీరాని మాటల్లో చెప్పాను. కోపమొస్తే మనుషుల్ని వదిలేసి గిన్నెల్ని తిట్టేదనగానే ఆవిడ పకపకా నవ్వింది.

"మా అమ్మా అంతే!"

నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

తర్వాత, "చిన్నప్పుడు కూడా అంత కోపిష్ఠేనా?" అని అడిగింది. తెలీదన్నాను.

"కనుక్కుని రా. ఈసారి తలుపెయ్యనులే."

కోపం తర్వాత పడుదువుగానీ అక్కా, ముందు నాన్నను అడిగి ఆ సంగతి రాయి.

నీ తమ్ముడు