పిట్టకు పెట్టుడు

కల్బా, 1984

మార్చి 2, శుక్రవారం

దుబాయ్ నుంచి మినీబస్సులో దొరలు వచ్చారు. వాళ్ళను తీసుకొచ్చే వాల్టర్ సాబు అందరినీ మడ అడవి ముందు నిలబెట్టి రూల్స్ చెప్పాడు. బురద మీద పరిచిన చెక్కల మీదే నడవాలి. గవ్వ కూడా తీసుకుపోకూడదు. నారింజ తొక్క కూడా వదలకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. ఆయన ఇంతకు ముందు మాల్దీవుల్లో హోటల్ నడిపాడట. చూడటానికి వచ్చినవాళ్ళే ఆ దీవిని తొక్కి పాడు చేశారట. ఇక్కడ అట్లా కానివ్వడట. ఇదంతా డ్రైవర్ ఖాదర్ హుస్సేన్ తెలుగులో చెప్తే నాకు తెలిసింది. ఆయనది జగిత్యాల.

వాళ్ళు వచ్చేది లకుముకి పిట్టను చూడటానికి. మడ చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. ఈ రకం ఇక్కడ తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేదంటారు. దాని గుడ్లను కాకులు తింటాయి. కాకుల్ని తోలడం నా పని.

ఈ కాకులు మన దేశం నుంచే ఓడలెక్కి వచ్చాయట. ఖాదర్ భాయ్ బస్సు టైరు తంతూ, అరే లింబాద్రీ, నువ్వొచ్చిన తొవ్వనే అవి గూడ వచ్చినయ్, వాటికి వీసా లేదు, నువ్వేమో పోలీసోనివైనవ్ అన్నాడు. దొరలు మా నవ్వు విని వేలు పెదాల మీద పెట్టారు.

మార్చి 5

వడిసెల తెగితే కొత్తది పేనాను. ఇక్కడ దొరికేది నైలాన్ తాడే. ఊళ్ళో మంచె మీద జొన్న కాసినప్పుడు జనపనారతో పేనేవాళ్ళం. రాయి వదిలితే ఇదీ అట్లాగే మోగుతుంది.

కాకులు నన్ను గుర్తు పట్టాయి. గది తలుపు తీస్తే చాలు, లేచి ఊరి వైపు పోతాయి. వాల్టర్ సాబు వెరీ గుడ్ అన్నాడని ముదీర్, మా మేనేజరు, చెప్పాడు.

మార్చి 8

పొద్దంతా ఎవరూ రాలేదు. సాయంత్రం గొంతు ఉందో లేదో చూద్దామని ఒకసారి దగ్గాను.

మార్చి 13

టెలిగ్రాం వచ్చింది. గౌరవ్వ పోయింది.

మార్చి 14

నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, లండన్‌లో ఉన్నాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఆయన వచ్చేదాకా ఖలాస్ అని ముదీర్ చేతులు దులిపాడు. పెళ్ళాం మట్టికి పోలేకపోయాను.

కాకుల్ని తోలాను.

మార్చి 16, శుక్రవారం

ఖాదర్ భాయ్ చెప్పినట్టున్నాడు. వాల్టర్ సాబు టోపీ తీసి నా ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత దొరలంతా చెక్కల మీద వరసగా పోయారు.

ఏప్రిల్ 6, శుక్రవారం

పర్శరాములు సెలవు నుంచి వచ్చాడు. కల్బాలో బిల్డింగ్ పని చేస్తాడు. మా ఊరివాడు, వరసకు బావమరిది. ఊళ్ళో జరిగిందంతా చెప్పాడు.

కామెర్లట. వారం తిరగలేదట. మూడో రోజు పిట్టకు పెట్టారు. కాకి వచ్చి గోడ మీద కూచుంది, చూసింది, ముట్టలేదు. ఆమె అన్న చేతులు జోడించి, బిడ్డను మేం సాదుకుంటమవ్వా అన్నాడట. ముట్టలేదు. వాళ్ళమ్మ భూమవ్వ, నీ పుస్తెలు నీ బిడ్డకేనే, రావే తల్లీ అని ఏడ్చిందట. ముట్టలేదు. ఐదో రోజు, తొమ్మిదో రోజు కూడా అంతే. చివరికి ఆ అన్నం బర్రెకు పెట్టారు.

పెద్దమనుషులు అన్నదేమంటే, ఆమె మనసుల మాట మొగనికే ఎరుక, వాడు ఆడ పెట్టాలె, ఆ మాట వాడు అనాలె, అప్పుడే ముడ్తది. పర్శరాములు నా భుజం మీద చెయ్యి వేసి, బావా, నువ్వు పెట్టకుంటే అక్క అట్లనే తిరుగుతది, నీ కాకులు నీకున్నయ్ గద అన్నాడు.

ఏప్రిల్ 7

పెళ్ళయి ఆరేళ్ళు. కలిసి ఉన్నది అన్నీ కలిపితే ఏడాది కాదు. ఆమె మనసులో ఏముందో నాకెట్లా తెలుస్తుంది.

సర్వపిండి రొట్టె చేస్తే గిన్నె అడుగున మాడినదంతా తనే తినేది. ఇష్టమై తినేదో, మంచిది నాకు పెట్టి మిగిలింది తినేదో. అడగలేదు.

ఏప్రిల్ 8

అన్నం వండి, సర్వపిండి చేశాను. మాడింది, మంచిది రెండూ అన్నంతో పాటు ఆకులో పెట్టాను. కాకి ఒక్కటి కూడా రాలేదు. నేను గది బయటికి రాగానే ఎగిరిపోయాయి. దూరంగా పోయి కూచున్నాను. అయినా రాలేదు. ఎండ్రికాయలు రావడం మొదలుపెడితే అన్నీ ఏరి గదిలోకి తెచ్చుకున్నాను. మెతుకు కూడా వదలకూడదు, అది రూలు.

ఏప్రిల్ 10

పర్శరాములు అంగీ తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని పోయాను. కాకులు మోసపోలేదు.

ఏప్రిల్ 11

వడిసెల ట్రంకుపెట్టెలో పెట్టాను. కొన్ని రోజులు తోలకపోతే భయం పోతుంది.

ఏప్రిల్ 13, శుక్రవారం

దొరలు వచ్చేసరికి చెట్ల మీద కాకులు అరుస్తున్నాయి. వాల్టర్ సాబు నన్ను చూశాడు. ఖాదర్ భాయ్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, నీకు జ్వరమని చెప్పిన, వచ్చే శుక్రవారం గూడ జ్వరమే అని చెప్పలేను, నీ నౌకరీ పోతది అన్నాడు. విషయం చెప్పాను. పెట్టు భాయ్, జల్దీ పెట్టు అన్నాడు.

ఏప్రిల్ 17

పొద్దున్నే ఆకులో అన్నం పెట్టాను. పదడుగుల దూరంలో కూచున్నాను. ఒక కాకి దిగింది. చెక్క మీద నడుచుకుంటూ వచ్చింది. మెడ వంచి నన్ను ఒక కంటితో చూసింది.

బిడ్డను బడికి పంపుతానన్నాను. ఇంకో పెళ్ళి చేసుకోనన్నాను. ఈ ఏడు వచ్చేస్తాను, మళ్ళీ దుబాయ్ రాను అన్నాను. ఒక్కో మాటకు ఒక్కో అడుగు ముందుకు వేసింది. ఆకు అంచు దాకా వచ్చింది.

అప్పుడు లకుముకి అరిచింది. తొర్ర ముందు కొమ్మ మీద ఇంకో కాకి ఉంది. తల లోపల పెట్టింది.

నేను కదిలితే ఇది పోతుంది. కదలకపోతే అది తింటుంది.

వాల్టర్ సాబుకు పిట్టంటే లకుముకి. మా ఊళ్ళో ఇట్లాంటి రోజు పిట్టంటే కాకి.

రాయి విసిరాను. రెండూ పోయాయి. అడవిలోని కాకులన్నీ పోయాయి. లకుముకి తొర్రలో దూరింది. గుడ్లు ఉన్నాయో పోయాయో చెయ్యి పెట్టి చూడకూడదు.

అన్నం ఏరుకున్నాను.

ఏప్రిల్ 20, శుక్రవారం

గుడ్లు ఉన్నట్టే ఉంది. రెండు పిట్టలూ వంతులు మారుతున్నాయని దొరలు సంబరపడ్డారు.

సాయంత్రం పర్శరాములు వచ్చాడు. జరిగింది చెప్తే తిట్టాడు. అక్క కన్న ఎక్కువైందా నీకు ఆ నీలి పిట్ట అన్నాడు. తర్వాత తనే చల్లబడ్డాడు. కల్బా చేపల బజారు కాడ కాకులు మస్తున్నయ్, వాటికి నీ మొఖం తెల్వదు, వచ్చే శుక్రవారం పొద్దుగాల పోదాం అన్నాడు. ఏం మాట అంటవో మంచిగ ఆలోచన చేసుకో బావా, ఊరికె ఏదో ఒకటి అనకు అని మరీ మరీ చెప్పాడు.

ఏప్రిల్ 24

వడిసెల మళ్ళీ బయటికి తీశాను. రాళ్ళు వేస్తూ ఆలోచిస్తున్నాను. బడి, పెళ్ళి, తిరిగి రావడం ఇదివరకే అన్నాను. అవన్నీ నా మాటలు. ఆమె మాట ఏదో ఒకటి ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 26

రేపు పొద్దున ఒకటి అందామనుకుంటున్నాను. ఇక్కడ రాయను. అక్కడే అంటాను.

ఏప్రిల్ 27, శుక్రవారం

చేపల బజారులో ఆకు కింద పెట్టకముందే కాకులు మీద పడి తినేశాయి. పర్శరాములు ముట్టింది బావా, ముట్టింది అని ఏడ్చాడు.

నేనింకా ఏమీ అనలేదు.