ఎడమ అతుకు

వేలూరు,
9 ఆగస్టు 1912

మా చౌడమ్మక్కకు, జయరాములు దండాలు.

నవల రాస్తున్నానంటే నవ్వావు. "రాజుల కాలం హత్య నీకెందుకురా?" అన్నావు. ఎందుకో చెబుతాను. రాయలవారి రోజుల్లో వేలూరు కోటకు పట్టు నేసే ముసలాయన మగ్గం గుంటలో చచ్చి పడి ఉంటాడు. మూర్ఛొచ్చి పడ్డాడని అందరూ అనుకుంటారు. కోట తలారి ఒక్కడే నమ్మడు. గుంటలో దొరికిన నూలుతాడు ఒకచోట తెగి, అతికి ఉంది. ఆ అతుకు ఎడమకు మెలి తిరిగి ఉంది. దాన్ని పట్టుకునే హంతకుణ్ణి కనిపెడతాడు.

ఆ ముసలాయన మన నాయనే అక్కా. నాలుగేళ్ళ కింద ఆయన మెడమీద కమిలిన గీత చూశాను. గుంటలో ఆ తాడు దొరికితే తెచ్చి నా పెట్టెలో దాచాను. నీ పసుపుకుంకాలకు భయపడి నోరు మూసుకున్న పిరికివాణ్ణి. ఆదిమూలం బావ మగ్గం మీద ప్రతి పోగుకూ ఎడమ అతుకే. నా నవలలో హంతకుడు ఆ ఇంటి అల్లుడు. చదివితే మన వీధిలో అందరికీ బావే గుర్తొస్తాడు. వచ్చే శుక్రవారం చివరి ప్రకరణం అచ్చుకు పోతుంది. ఆపమంటే ఒక్క ముక్క రాయి.

నీకు ద్రోహం చేస్తున్నానేమోనని నిద్రపట్టని తమ్ముడు,
జయరాములు

గుడియాత్తం,
12 ఆగస్టు 1912

నా తండ్రీ జయరాములూ,

సెలవులకొచ్చి నువ్వు నేర్పిన అక్షరాలతో, ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను.

ఆరేళ్ళకే చదువుకు పోయినవాడివి, మగ్గం సంగతి నీకేం తెలుసు? మగవాళ్ళు నేస్తారు. పోగులు అతికేది ఆడవాళ్ళం. బావ మగ్గం మీద అతుకులన్నీ నావే. నేను కుడిచేత్తో అన్నం తినడమే నువ్వు చూశావు. పోగు దగ్గర నాది ఎడమచేతివాటం.

నాయనకు గొంతులో పుండు. చివరి నెల గంజి కూడా దిగలేదు. బావ కావేరిపాక్కం పోయిన మధ్యాహ్నం మగ్గంగదిలో ఏదో పడ్డ చప్పుడైతే పరుగెత్తాను. మెడకు బిగించుకున్న తాడు తెగి నాయన కింద పడి ఉన్నాడు. ప్రాణం ఉంది.

"తెగిపోయినాది తల్లీ. అతికియ్యమ్మా," అన్నాడు.

కాళ్ళు పట్టుకున్నాను. "వద్దు నాయనా, వైద్యుణ్ణి పిల్చుకొస్తా."

"యాడ వైద్యుడమ్మా, ఇంగ నా వల్ల కాదు."

బుద్ధి తెలిసిన నాటినుంచీ నాయన పోగు అతకమంటే అతికాను. ఆ రోజూ అతికాను. తరవాత గుంటలో పడుకోబెట్టిందీ నేనే.

ఈ సంగతి బావకు ఇప్పటికీ తెలియదు. "మా బామ్మర్ది పుస్తకం రాస్తా ఉండాడు" అని వీధంతా చెప్పుకుంటున్నాడు. ఆయనకు చదువు రాదు, నా చేతే చదివించుకుంటాడు. నాకు భయంగా ఉంది. అయినా అల్లుణ్ణి విడిచిపెట్టు. కూతురని రాయి. ఆ పేజీ ఆయనకు నేనే చదివి వినిపిస్తాను.

నీ అక్క,
చౌడమ్మ