మూడు ముందా, నాలుగు ముందా

అన్నయ్యా,

నిన్న ఫోన్‌లో "మూడూ నాలుగూ ఎటు కూడినా ఏడేగా" అని నవ్వావు. లెక్కల మాస్టారివి, నీకలాగే అనిపిస్తుంది. మా దగ్గర రెండూ ఒకటి కాదు. ప్రొస్టేట్ గ్రంథి నుంచి తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు ఎంత చెదిరిపోయాయో చూసి అంకె వేస్తాం. ఎక్కువచోట్ల కనిపించిన అంకె ముందు, రెండోది దాని పక్కన రాసి కూడతాం. మూడు ముందుంటే కాస్త నింపాదిగా ఉండొచ్చు. నాలుగు ముందుంటే ఆలస్యం చెయ్యకూడదు.

ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుని ఎవరెవరివో ముక్కలు చూశాను. నంబరే తప్ప పేరు చూడను. పేరు చూస్తే చెయ్యి మెత్తబడుతుందని మా పెద్ద డాక్టరు మొదటిరోజే చెప్పారు. నీ ముక్కలు అంటించిన గాజు స్లైడ్ల పెట్టె నువ్వే తెచ్చి నా చేతిలో పెట్టావు. వద్దనాల్సింది, అనలేకపోయాను.

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మూడే ముందు రాశాను. ఎందుకో మనసొప్పలేదు. నీ పేరున్న చీటీ పీకేసి, నంబరు మాత్రం ఉంచి, పక్క టేబులు డాక్టరమ్మకిచ్చాను. ఆవిడ టీ చల్లారేలోపే చూసి నాలుగు ముందు రాసింది. మళ్లీ వెళ్లి చూశాను. ఆవిడ చూపించిన చోటల్లా నాలుగే ఉంది. అవన్నీ నేను గబగబా దాటేసిన చోట్లే.

అలిసిపోయానన్నయ్యా. వదినకి ఇవాళే చెప్పు. సోమవారం సర్జన్ దగ్గరికి డాక్టరమ్మ రాసిన కాగితం పట్టుకెళ్లు. నీ దగ్గర దాచడం ఇష్టంలేక నాది కూడా కవర్లో పెట్టాను. అది చెల్లెలు రాసింది, ఎవరికీ చూపించకు.