సునిల్దా సొరబుర్ర, సెల్సో ఊపిరి

బెయ్యా విస్తా ఊళ్ళో, పరానా ఏటి ఒడ్డు వీధిలో ఉంటున్న ఎలాదియా బెనీతెస్ అనే నేను, కీర్తిశేషుడు లిసాంద్రో సోసా భార్యను, సునిల్దాకీ సెల్సోకీ తల్లిని, తెలివితో ఉండి రాసిపెడుతున్న వీలునామా ఇది. అలసిపోయింది నా గుండె, మతి కాదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించడం లేదు. మూడో తరగతిలో బడి మానేశాను గనక తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఒకటి. ఈ ఇల్లు, వెనక దొడ్డితో సహా, సకల హక్కులతో నా కొడుకు సెల్సోకే చెందాలి. వాళ్ళ నాన్ననీ అక్కనీ తీసుకుపోయిన జబ్బే, ఊపిరితిత్తులు ఎండి గట్టిపడే జబ్బు, ఇప్పుడు వాడికీ వచ్చింది. చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తులు పెట్టించుకోవాలంటే పిలుపు వచ్చేదాకా బ్యూనస్ ఐరిస్‌లోనే కాపురం ఉండాలి. ఆ ఆపరేషన్‌కి ఒప్పుకుంటే ఇల్లు అమ్ముకోవచ్చు. ఒప్పుకోకపోతే ఇందులోనే ఉండొచ్చు. ఏం చేసినా, ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

రెండు. ఇది నా మరిది అన్సెల్మోకి. ఆదివారం చర్చి బయట సెల్సోని ఆపి, "మీ అక్కని కోసి కుట్టి ఏం బాగుచేశార్రా? కళ్ళారా చూసి కూడా పోతావా?" అంటున్నావట. నా కూతురి చావు నీ వాదనకి సాక్ష్యం కాదు. అది నీ ఆస్తి కాదు, నేను నీకు రాసివ్వడమూ లేదు. నీ దగ్గు కూడా నేను విన్నాను అన్సెల్మో. భయం ఎవరిదో నాకు తెలుసు. వెళ్ళి ఛాతీ చూపించుకో.

మూడు. సునిల్దా ఎలా బతికిందో చూసింది నేను, కాబట్టి నేనే రాస్తాను. ఊపిరితిత్తులు మార్చిన ఆపరేషన్‌కి ముందు మంచం నుంచి తలుపుదాకా నడవాలంటే మధ్యలో ఆగడానికి కుర్చీ వేసేదాన్ని. తరవాత అదే పిల్ల ఏటిగట్టు ఎక్కింది. పొరుగింటి పెళ్ళిలో చెప్పులు విప్పేసి చిందులేసింది. గట్టిగా నవ్వింది. దాని నవ్వు ఎలా ఉంటుందో మేం మర్చిపోయామని అప్పుడే తెలిసింది. ఇది నిజం.

మాత్రలకి చేతులు వణికేవి, ముఖం ఉబ్బింది. క్రిములు సోకుతాయని కోళ్ళని ఇచ్చేశాం. మట్టి ముట్టుకోనివ్వలేదు. పంపరపనస ఆ మాత్రలకి పడదన్నారు. పండు చూసినప్పుడల్లా దానికి నోరూరుతోందని, లిసాంద్రో నాటిన చెట్టుని కొట్టించేశాను. ఎవరైనా తుమ్మితే దాన్ని లోపలి గదిలోకి తోసేదాన్ని. ఇంత చేసినా చివరికి దాని ఒళ్ళు ఆ కొత్త ఊపిరితిత్తులని ఉండనివ్వలేదు. ఇదీ నిజం.

నాలుగు. మాతె గొడవ. సునిల్దా ఇంటికొచ్చిన మొదటి ఆదివారం, ఒకే సొరబుర్రలో ఒకే గొట్టంతో మాతె ఆకు కషాయం వంతులవారీగా తాగడానికి, అందరం గుండ్రంగా కూచున్నాం. అన్సెల్మో సొరబుర్రలో మాతె పోసి, తను పీల్చిన గొట్టంతోనే, ఎప్పటిలాగే దానికి అందించాడు. ఒకరి ఎంగిలి తాకితే జబ్బు చేస్తుందని డాక్టర్లు ముందే చెప్పారు. అది చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఓహో, మహారాణికి కొత్త ఊపిరొచ్చాక మా నోళ్ళు కంపు కొడుతున్నాయి!" అన్నాడు.

"నీ నోరు ఎప్పుడూ అంతే బాబాయ్, డాక్టర్లు ఇప్పుడు కనిపెట్టారు" అంది పిచ్చిది, నవ్విద్దామని. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు లేచి వెళ్ళినవాడు మళ్ళీ మా గడప తొక్కలేదు, దాన్ని పూడ్చిన రోజు తప్ప.

అప్పుడు దానికొక సొరబుర్ర, నాకొక సొరబుర్ర కొన్నాను. ఎదురెదురుగా కూచుని ఎవరిది వాళ్ళం తాగేవాళ్ళం. మాతె తాగే పద్ధతి అది కాదని నాకూ తెలుసు. కానీ నా బిడ్డ ఒంటరిగా తాగలేదు.

ఐదు. సునిల్దా చెప్పిన మాటలు. ఏటిగట్టు మీద కూచున్నప్పుడు, "మళ్ళీ అడిగితే మళ్ళీ సరేనంటానమ్మా" అంది. ఆఖరి రోజుల్లో, "చాలమ్మా, నన్ను అప్పుడే వదిలేయాల్సింది" అంది. రెండూ దాని నోటి మాటలే. ఒకటి చెప్పి ఒకటి మింగడం నా వల్ల కాదు. సెల్సో, నాన్నా, రెండూ నీకే రాసిస్తున్నాను. తేల్చుకోవలసింది నువ్వే. నా కోసమని ఒప్పుకోకు. నన్ను ఏడిపించకూడదని మానుకోకు. ఎలాగూ ఏడుస్తాను.

ఆరు. కుట్టుమిషను నా చెల్లెలు ఎర్మెలిందాకి. ఈ కాగితం అమలు చేసే బాధ్యత కూడా దానిదే. సునిల్దా సొరబుర్ర సెల్సోకి. నా సొరబుర్ర అన్సెల్మోకి, ఈ షరతు మీద: నేను పోయాక సెల్సో ఎదురుగా కూచోవాలి. ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఎవరిది వాళ్ళు తాగాలి, అందించకూడదు. చేయించుకోకపోయినా కూచోవాలి.

చేత్తో రాసినదానికి సాక్షులు అక్కర్లేదని నోటరీ అన్నాడు. అయినా పెట్టిస్తున్నాను, తరవాత తెలియదనకుండా.

బెయ్యా విస్తా, 14 జూన్ 2018
(సంతకం) ఎలాదియా బెనీతెస్

సాక్షులు:

కాసిల్దా రొమేరో, పొరుగింటావిడ. మా కోళ్ళు ఇప్పుడు ఈవిడ దగ్గరే ఉన్నాయి.

అన్సెల్మో సోసా. అంతా చదివాను వదినా. నీ సొరబుర్ర నీ దగ్గరే ఉంచుకో. నేనొకటి కొనుక్కున్నాను. ఆదివారం వస్తాను.