షిఫ్టు బస్సులో నా తలగడ

ఉక్కునగరం,
12-8-1997

ఏమండీ,

మీరు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నేను ఎలమంచిలిలో మా అక్క దగ్గర ఉంటాను. అన్నం, పులుసు వండి మూతపెట్టాను.

నిన్న డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పక్క క్వార్టరు కనకరత్నం గారు అందరి ముందూ అడిగారు. "ఏటమ్మా, ఆ ఉన్ని టోపీ ఇంకా తలగడ కిందే ఎట్టుకుంతన్నావా? మా ఆయన సెప్పినాడు."

పోయినేడు ఐదో నెలలో కడుపు పోయాక, బిడ్డ కోసం అల్లిన ఆ టోపీని పారేయలేకపోయానని చెప్పింది మీ ఒక్కరికే. ఆ మాట నోట్లోంచి రావడానికి నాకు నెల పట్టింది. మీ షిఫ్టు బస్సు ప్లాంటు గేటు చేరేలోపే అది సీటు సీటుకీ పాకింది.

సాయంత్రం నిలదీస్తే నవ్వారు. "మనోళ్ళేగా, దాపరికం ఎందుకే? చెప్పుకుంటే నా గుండె తేలికపడింది" అన్నారు. మీ గుండె తేలికపడటానికి నా తలగడ ఎత్తి ఊరందరికీ చూపించాలా? మీకు చెప్తే నాలో దాచుకున్నట్టే అనుకున్నాను. పొరపాటు నాదే.

టోపీ నా వెంట తీసుకెళ్తున్నాను. దాంతో మళ్ళీ పని పడింది. మొన్న డాక్టరమ్మ ఏం చెప్పిందో ఇందులో రాయను. ఆ మాట కనకరత్నం గారికి చెప్పి బయల్దేరుతున్నాను. రేపు బస్సులో వాళ్ళాయన చెప్తారు. అందరితో పాటు మీరూ వినండి.